వెల్ ఒకవైపు... కమ్ ఇంకోవైపు!

కల్యాణమండపం గేటుకు అరటిబోదెలు కట్టారు. పైన మామిడి తోరణం, దాని వెనక సీరియల్ బల్బులు. గేటు ఎడమ తలుపు మీద థర్మోకోల్ అక్షరాలతో 'వెల్' అని అంటించారు. కుడి తలుపు మీద 'కమ్' అని అంటించారు. తలుపులు మూసి ఉన్నంతసేపూ అంతా బాగానే ఉంది. మగపెళ్లివారి బస్సు రాగానే గేటు బార్లా తెరిచారు. అంతే... 'వెల్' ఈ గోడకు, 'కమ్' ఆ గోడకు అతుక్కుపోయాయి. ఇంగ్లిష్ మీడియం చదివే ఏ పిల్లో అక్కడ ఆగి, 'డాడీ, అది ఒకటే మాట కదా, రెండుగా రాశారేంటి?' అని అడుగుతుంది. 'గేటుకు తలుపులు రెండు కదమ్మా' అంటాడు నాన్న. అసలు సంగతి ఇంకోటుంది. విడదీసేటప్పుడు 'వెల్'కు ఒక్క 'ఎల్'తోనే సరిపెట్టేస్తారు. అలా విడిగా ఉంటే ఆ ముక్క ఇంగ్లిష్‌లో ఏ మాటా కాదు.

గేటు వరకూ ఎందుకు, బేకరీలో కేకు చూడండి. 'హ్యాపీ' ఒక వరుస, 'బర్త్' ఒక వరుస, 'డే' మూడో వరుస. చోటు లేక కాదు, చాలామంది అది రెండు మాటలనుకుంటారు కాబట్టి. బర్త్‌డే ఒకటే మాట. అదే పిల్లాడి ఇంగ్లిష్ నోట్సు తెరిస్తే వ్యవహారం తిరగబడి ఉంటుంది. రెండుగా ఉండాల్సిన 'ఎట్ లీస్ట్' కలిసిపోయి ఉంటుంది. ఒకటిగా ఉండాల్సిన 'క్లాస్‌రూమ్' విడిపోయి ఉంటుంది.

ఇంగ్లిష్‌లో రెండు మాటలు జతకడితే మూడు రకాలుగా రాస్తారు. మొత్తంగా కలిపేస్తారు. లేదంటే మధ్యలో హైఫన్ అనే అడ్డగీత పెడతారు. లేదంటే ఖాళీ వదిలేస్తారు. ఏ మాటకు ఏది వర్తిస్తుంది? దాన్నిబట్టి ఏమైనా మునిగిపోతుందా అనుకోవచ్చు. విదేశీ చదువుకు బయల్దేరిన పిల్లల్ని అడిగితే అవుననే చెబుతారు. ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో వినే పరీక్షకు 40 ప్రశ్నలుంటాయి. సుమారు 30 సరిగా రాస్తే 7 బ్యాండు వస్తుంది. ఖాళీల్లో కొన్నిచోట్ల 'ఒక్క పదం మాత్రమే రాయండి' అని షరతు ఉంటుంది. పరిమితి దాటితే ఆ మార్కు పోతుంది. హైఫన్ పెట్టిన మాటను ఒక పదంగానే లెక్కేస్తారు. ఖాళీ వదిలితే మాత్రం రెండు. అంటే 'క్లాస్‌రూమ్' అని సరిగ్గా విని, సరైన అక్షరాలే రాసినా, మధ్యలో పెన్ను కాస్త జరిగితే జవాబు తప్పు! 30 దగ్గర ఉన్నవాడికి ఆ ఒక్క మార్కు విలువేమిటో, ఫీజు కట్టిన తల్లిదండ్రులకు తెలుసు.

మాటల లెక్క ఒకప్పుడు నేరుగా డబ్బుల లెక్కే. టెలిగ్రాముకు మాటకింత చొప్పున వసూలు చేసేవారు. తంతి ఆఫీసు కౌంటర్లో గుమాస్తా పెన్సిలు మొనతో ఒక్కో మాట మీదా ఆనించి లెక్కపెడుతుంటే, ఇవతల ఉన్నాయన రెండు మాటల్ని దగ్గరగా జరిపి ఒకటనిపించడానికి చూసేవాడు. ఈ తెలివి ప్రపంచమంతటా ఉన్నట్టుంది. భాషలో వాడుకలో లేనివిధంగా మాటల్ని కలిపితే ఒప్పుకోబోమని అంతర్జాతీయ తంతి నిబంధనల్లో ప్రత్యేకంగా రాయాల్సివచ్చింది. మనదేశంలో టెలిగ్రాముల సేవ 2013 జులైలో ఆగిపోయింది. కాబట్టి ఆ బేరం ఇప్పుడు లేదు. 'వాడుకలో ఉన్నదేది?' అన్న ప్రశ్న మాత్రం ఉంది.

వంటింట్లో తిరకాసు

అదెంత చిక్కు ప్రశ్నో తెలియాలంటే వంటింట్లోకి వెళ్లాలి. టీ తాగే కప్పు 'టీకప్'... ఒకటే మాట. కాఫీ తాగేది 'కాఫీ కప్'... రెండు మాటలు. కప్పు అదే, పొయ్యి అదే, పోసేది అమ్మే! టీస్పూన్, టేబుల్‌స్పూన్ కలిసి ఉంటాయి. కాఫీ స్పూన్ విడిగా ఉంటుంది. సాస్‌పాన్ ఒకటి, ఫ్రైయింగ్ పాన్ రెండు. టీపాట్ కలిసే ఉంటుంది. కాఫీ పాట్ సంగతి మాత్రం ఏ నిఘంటువు తెరిచారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ విడదీస్తే, అమెరికాలోని మెరియమ్-వెబ్‌స్టర్ కలిపేసింది. ఆ ఇద్దరు పెద్దలే ఒక మాట మీద లేనప్పుడు ఏడో తరగతి పిల్లాణ్ని ఏమని కోప్పడతాం?

ఇంట్లో మిగతా గదుల్దీ అదే తీరు. బెడ్‌రూమ్, బాత్‌రూమ్ ఒక్కో మాట. డైనింగ్ రూమ్, లివింగ్ రూమ్ రెండేసి. ఇక చుట్టరికాల్లో చోద్యం చూడండి. గ్రాండ్‌మదర్ ఒకే మాట. ముత్తమ్మకు మాత్రం గ్రేట్ తరవాత హైఫన్ తగిలిస్తారు. సవతితల్లి 'స్టెప్‌మదర్'ను ఖాళీ లేకుండా కలిపేసుకున్నారు. అత్తగారి దగ్గరకొచ్చేసరికి 'మదర్-ఇన్-లా' అంటూ మధ్యలో రెండు అడ్డగీతలు! ఇంగ్లిష్ కోడళ్లు పెట్టించారా, అత్తలే పెట్టించుకున్నారా అన్నది ఏ వ్యాకరణ పుస్తకంలోనూ లేదు.

ఇందులో అస్సలు పద్ధతి లేదనుకోనక్కర్లేదు. కొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. ముందున్న మాట 'ఇంగ్'తో ముగిస్తే దాదాపు ఎప్పుడూ విడిగానే రాస్తారు. వెయిటింగ్ రూమ్, స్విమింగ్ పూల్, వాషింగ్ మెషీన్, ఫ్రైయింగ్ పాన్... అన్నీ రెండేసి మాటలే. రెండు మాటలూ పొట్టివై, ఏళ్ల తరబడి జంటగా తిరిగితే కలిసిపోయే అవకాశం ఎక్కువ. 'టీ' ఒక్క అక్షరమంత మాట కాబట్టి కప్పును చప్పున అంటుకుంది. 'కాఫీ' కాస్త పొడుగు. పొడుగు మాటల్ని అతికిస్తే చదవడం కష్టం. అయినా టేబుల్‌స్పూన్ కలవలేదా అంటే... కలిసింది. అందుకే వీటిని ఆనవాళ్లనాలి తప్ప సూత్రాలనకూడదు.

చెవి కొంత సాయం చేస్తుంది. జంట ఒకే మాటగా స్థిరపడినప్పుడు ఇంగ్లిష్ వాళ్లు మొదటి భాగాన్ని ఊని పలుకుతారు. బడిలో గోడకుండే 'బ్లాక్‌బోర్డు'లో ఊనిక 'బ్లాక్' మీద పడుతుంది. ఏదో ఒక నల్లటి చెక్క అని చెప్పాలంటే రెండు మాటలు, ఊనిక రెండోదాని మీదికి జారుతుంది. కలిసిపోయిన మాటకు విడి అర్థంతో పనిలేదు కూడా. ఆకుపచ్చ రంగు వేసిన బోర్డునూ బ్లాక్‌బోర్డనే అంటున్నాం కదా. అయితే 'హాట్ డాగ్' ఉంది. పలకడంలో ఒక్క మాటే, అర్థంలోనూ ఒక్కటే. అది వేడివేడి కుక్క ఏమీ కాదు. రాతలో మాత్రం ఇప్పటికీ రెండు మాటలే.

ఈ తిరకాసు మన వ్యాకరణం చదివినవాళ్లకు కొంచెం తేలిగ్గా అర్థమవుతుంది. టెన్త్‌లో విగ్రహవాక్యాలు రాసిన చేత్తోనే ప్రయత్నించండి. టీకప్... టీ కొరకు కప్పు, చతుర్థీ తత్పురుష. బ్లాక్‌బోర్డు... నల్లనైన బోర్డు, విశేషణ పూర్వపద కర్మధారయం. పేపర్‌బ్యాక్... కాగితపు అట్ట గలది ఏదో అది, బహువ్రీహి. ఇది వేళాకోళం కాదు. ఇంగ్లిష్ జంటపదాల్ని వర్గీకరించడానికి పాశ్చాత్య భాషావేత్తలు సంస్కృత వ్యాకరణం నుంచి ఈ పేర్లే అరువు తెచ్చుకున్నారు. తత్పురుష, ద్వంద్వ, బహువ్రీహి అనే మాటలు ఇంగ్లిష్ నిఘంటువుల్లో ఉన్నాయి! ఆ లెక్కన కాఫీ కప్పు కూడా టీకప్పులాంటి సమాసమే. మధ్యలో ఖాళీ ఉన్నంతమాత్రాన సమాసం విడిపోదు. మనకేమో సమాసమంటే కలిపి రాయడమని అలవాటు. ఇంగ్లిష్‌లో ఆ రెంటికీ ముడిలేదు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

జర్మన్లకు ఈ బాధ లేదు. వాళ్లు దొరికినవన్నీ కలిపేస్తారు. గొడ్డుమాంసం లేబుళ్ల తనిఖీకి సంబంధించి అక్కడి ఒక రాష్ట్రం చేసిన చట్టం పేరు ఏకంగా 63 అక్షరాల ఒకే మాట. 2013లో ఆ చట్టాన్ని రద్దుచేసినప్పుడు చట్టం పోయినందుకన్నా మాట పోయినందుకే ఎక్కువ వార్తలొచ్చాయి. తెలుగువాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? ఇంగ్లిష్‌లో 'పోస్ట్ ఆఫీస్' నేటికీ రెండు మాటలే. మనం మాత్రం దానికి సంధి చేసి పోస్టాఫీసు అనేశాం. బస్ స్టాండ్‌ను బస్టాండు చేశాం.

పదహారు వేల గీతలు

జతకట్టిన మాటలది ఒక ప్రయాణం. మొదట పక్కపక్కన నిలబడతాయి. పరిచయం పెరిగాక మధ్యలో అడ్డగీత వస్తుంది. కొన్నాళ్లకు గీత కూడా పోయి కలిసిపోతాయి. అన్నీ ఇదే దారిన వెళ్లవుగానీ చాలావాటి కథ ఇదే. 'టుడే', 'టుమారో' మాటల్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా చాలామంది 'టు' తరవాత హైఫన్ పెట్టే రాసేవారు. ఆ కాలంనాటి ఇంగ్లిష్ ఉత్తరం ఎవరింట్లోనైనా పెట్టె అడుగున ఉంటే తీసి చూడొచ్చు. ఈ మధ్యకాలంలో అందరి కళ్లముందే జరిగింది ఈ-మెయిల్ కథ. అమెరికా పత్రికలు చాలావరకు అనుసరించే అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం 2010లో 'వెబ్ సైట్'ను ఒకటి చేసింది. 2011లో ఈ-మెయిల్‌లోని గీత తీసేసింది.

అంతకుముందే, 2007లో, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఒక పెద్ద ఊడ్పు కార్యక్రమం పెట్టుకున్నారు. షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ ఆరో కూర్పులో సుమారు 16 వేల మాటల్లోంచి హైఫన్లు తీసేశారు. ఐస్ క్రీమ్, టెస్ట్ ట్యూబ్, పాట్ బెల్లీ వంటివి గీత పోయి రెండేసి మాటలయ్యాయి. ఏడుపుగొట్టు పిల్లల్ని అనే 'క్రైబేబీ', శనగలకు వాడే 'చిక్‌పీ', తూనీగలాంటి పురుగు కాదుగానీ తేనెటీగల్లో బొద్దుగా ఉండే 'బంబుల్‌బీ'... ఇవన్నీ కలిసిపోయి ఒక్కో మాటయ్యాయి. అన్నాళ్లూ ఒకేలా కనిపించినవి ఒక్క రోజులో రెండు దారులు పట్టాయి. హైఫన్ ఎక్కడ పెట్టాలో జనానికే నమ్మకం పోయిందని, ప్రకటనలూ వెబ్‌సైట్లూ రూపొందించేవాళ్లకు ఆ గీత కంటికి అడ్డంగా అనిపిస్తోందని ఎడిటర్ ఆంగస్ స్టీవెన్‌సన్ అప్పట్లో కారణం చెప్పారు. అంటే నిఘంటువు కూడా తీర్పు చెప్పదు. జనం ఏం రాస్తున్నారో చూసి నమోదు చేసుకుంటుంది.

మరీ పాత జంటలైతే, అవి ఒకప్పుడు రెండని చెప్పినా నమ్మలేం. 'బ్రేక్‌ఫస్ట్' అంటే ఉపవాసం విడవడం. గిన్నెల అల్మరా 'కప్‌బోర్డ్' మొదట్లో కప్పులు పెట్టుకునే బల్ల. ఇప్పుడు 'కబర్డ్' అని పలికేసరికి కప్పూ లేదు, బల్లా లేదు. అన్నిటికన్నా ముచ్చటైంది 'విండో'. పాత నార్స్ భాషలో 'గాలి కన్ను' అనే రెండు మాటల జంట అది. మన గవాక్షంలోనూ ఒక కన్నుంది... ఆవు కన్ను! ఎక్కడి నార్వే, ఎక్కడి గోదావరి... కిటికీని చూసి ఇద్దరికీ కన్నే గుర్తొచ్చింది.

ఉద్యోగం మానేశాడా, చేరాడా?

టీకప్పును విడదీసి రాస్తే టీ ఏమీ ఒలికిపోదు. కానీ కొన్నిచోట్ల ఆ కాస్త ఖాళీ అర్థాన్నే మార్చేస్తుంది. శ్రద్ధ పెట్టాల్సింది అక్కడ. 'ఎవ్రీ డే' విడిగా ఉంటే ప్రతిరోజూ అని. 'ఎవ్రీడే' కలిసి ఉంటే మామూలు, నిత్యం వాడుకునే అని విశేషణం. ఇంట్లో రోజూ కట్టుకునే చీరకు కలిపి రాసింది సరిపోతుంది. రోజూ బడికి వెళ్తున్నానని చెప్పడానికి విడిగా రాయాలి. సందేహం వస్తే మధ్యలో 'సింగిల్' అనే మాట దూర్చి చూడండి. 'ఎవ్రీ సింగిల్ డే' అని వాక్యం నడిస్తే అవి రెండు మాటలే. 'మేబీ' కలిస్తే బహుశా. 'మే బీ' విడిపోతే కావచ్చు, ఉండొచ్చు అనే క్రియ. ఆ చోట 'పర్హాప్స్' పెట్టి చదివితే తేలిపోతుంది. 'ఆల్ టుగెదర్' అంటే అందరూ ఒకచోట. కలిపేస్తే 'పూర్తిగా' అని.

కంప్యూటర్ మాటల్లో ఈ పొరపాటు రోజూ కనిపిస్తుంది. 'లాగిన్', 'బ్యాకప్', 'షట్‌డౌన్' నామవాచకాలుగా ఒక్కో మాట. అదే పనిని చెప్పేటప్పుడు లాగ్ ఇన్, బ్యాక్ అప్, షట్ డౌన్ అని విడదీయాలి. గుర్తుకు ఒక చిట్కా ఉంది. జరిగిపోయిన పనిగా మార్చి చూడండి. 'లాగ్‌డ్ ఇన్' అంటాం, 'లాగిన్డ్' అనం. ఆ 'డ్' మధ్యలోకి వచ్చిందంటే అవి రెండు మాటలన్నమాట. ఉద్యోగాలు పోయే 'లేఆఫ్' కూడా అంతే. పోవడానికి పేరు కలిపి, తీసేసే పని విడదీసి.

ఇక గీతను తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఒక మాట చాలు. 'రిజైన్' అంటే రాజీనామా. 'రీ' తరవాత హైఫన్ పెట్టి 'సైన్' రాస్తే మళ్లీ ఒప్పందం మీద సంతకం. అక్షరాలు అవే, తేడా ఒక గీత. ఆటల పేజీలో ఫలానా క్లబ్బుతో ఆటగాడు మళ్లీ కుదుర్చుకున్నాడనాల్సిన చోట ఆ గీత ఎగిరిపోతే, అభిమానుల గుండె ఆగుతుంది. ఆఫీసు మెయిళ్లలో దీని చెల్లెలుంది. ఫైలు మళ్లీ పంపానని చెప్పబోయి 'రీ-సెంట్'లో గీత మరిచిపోతే, 'ఆ ఫైలంటే నాకు మంట' అనే అర్థం వచ్చే 'రిజెంట్' అవుతుంది. బాస్ ఏ మూడ్‌లో చదువుతాడన్న దాన్నిబట్టి ఆ రోజు గడుస్తుంది. 'మ్యాన్-ఈటింగ్ ఫిష్' అంటే మనుషుల్ని తినే చేప. గీత తీసేస్తే చేపల కూరతో భోంచేస్తున్న ఓ పెద్దమనిషి!

మనవాళ్ల తప్పుల్లో ఒక తమాషా ఉంది. ఎట్ లీస్ట్, ఇన్ ఫ్యాక్ట్, ఇన్ కేస్, ఇన్ స్పైట్, ఎ లాట్... ఇవన్నీ విడిగా ఉండాల్సినవి. వీటినే ఎక్కువమంది కలిపేస్తారు. తెలుగులో వీటికి కనీసం, నిజానికి, ఒకవేళ, అయినా, చాలా అని ఒక్కో మాట ఉండటం వల్లే కాబోలు. మనసులో ఒక్క మాటగా ఉన్నదాన్ని చెయ్యి రెండుగా రాయనంటుంది. రూమ్‌మేట్, క్లాస్‌మేట్, సమ్‌వన్, ఎనీబడీ అన్నవేమో రెండు ముక్కలుగా వినిపిస్తాయి కాబట్టి విడిపోతాయి. 'నో వన్' మాత్రం నిజంగానే విడిగా రాయాలి. నోబడీ, నథింగ్, నోవేర్ కలిసి ఉంటే ఇదొక్కటి ఎందుకిలా అంటే, కలిపితే 'నూన్' అని చదివే ప్రమాదముంది మరి.

అమెరికాలో ఏటా జరిగే స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీలో తెలుగు మూలాలున్న పిల్లలు ఎంతలా రాణిస్తున్నారో తెలిసిందే. పెద్దపెద్ద లాటిన్, గ్రీకు మాటల్ని అక్షరం పొల్లుపోకుండా చెప్పే ఆ పోటీలో కూడా మాట మధ్యలో ఖాళీ ఉందా, హైఫన్ ఉందా అన్నది చెప్పి తీరాలన్న నిబంధన లేదు. అంతటి పోటీ కూడా ఈ ఒక్క విషయంలో పిల్లల్ని వదిలేసింది. ఇంట్లో హోంవర్కు దిద్దే అమ్మానాన్నలు ఆ విషయం గుర్తుపెట్టుకుంటే పిల్లలు సంతోషిస్తారు. 'ఎవ్రీ డే' విషయంలో మాత్రం వదలక్కర్లేదు.

గేటు దగ్గరికి మళ్లీ వెళ్దాం. 'వెల్‌కమ్' అంటే 'బాగా రావడం' అనుకుంటారు ఎక్కువమంది. పాత ఇంగ్లిష్‌లో ఆ మాట 'విల్‌కుమ'. 'విల్' అంటే ఇష్టం. 'కుమ' అంటే వచ్చినవాడు, అతిథి. వస్తే బాగుండునని ఎదురుచూసిన మనిషి అని అర్థం. కాలక్రమంలో ఆ 'విల్' కాస్తా 'వెల్'గా మారింది. 'బాగా వచ్చారు' అనే అర్థమిచ్చే ఫ్రెంచి పలకరింపు ప్రభావం కూడా దానిమీద ఉంది. వెయ్యేళ్ల కిందటే అది ఒక్క మాట. ఈ మధ్య కొందరు డెకరేషన్ వాళ్లు తలుపుల మీద కాకుండా పైన ఆర్చి మీద ఆ అక్షరాలు అంటిస్తున్నారు. అక్కడ తలుపుల గొడవ లేదు, ఎనిమిదో తొమ్మిదో అడుగుల చోటూ ఉంటుంది. మాట కలిసే ఉంటోంది. రెండో 'ఎల్' కూడా తగిలించకుండా ఎవరైనా దగ్గరుండి చూసుకోవాలి, అంతే.